గొట్టంలో చెప్పిన మాట

మూడోసారి కూడా అరిచి రేకు గొట్టం దించాను. “మీ చివరిపాలెం పోలయ్య. తెప్పను ఒక్కడే ఒడ్డెక్కించిన పోలయ్య. రేపు సాయంత్రం నాలుగు గంటలకు అల్లూరు డేరాలో, పెంచలయ్య పైల్వానుతో కుస్తీ. ఆడవాళ్ళకు వేరే గేటు, వేరే బెంచీలు.” జట్కా అప్పటికే పాలెం సగం దాటింది. ఎప్పుడైనా ఆ పాలెంలోకి వెళితే నా గొంతుని వెక్కిరించేవాళ్ళు, “ఏమ్మే, మీ పైల్వాన్లకి ఈసారన్నా కూడు పెట్టినారా” అని అడిగేవాళ్ళు బోలెడుమంది ఉండేవాళ్ళు. ఆ రోజు ఎవరూ ఏమీ అనలేదు. ఎండుచేపలు తిరగేస్తున్న ఆడవాళ్ళు చేతులు ఆపి చూశారు. వాళ్ళలోంచి ఒక ముసలామె లేచి, చేతులు కోకకు తుడుచుకుంటూ జట్కా వెనకే నడవడం మొదలుపెట్టింది.

“ఇంకోసారి జెప్పు, అమ్మీ.”

చెప్పాను.

“పేరు మళ్ళా జెప్పు.”

“పోలయ్య, అవ్వా. మీ పోలయ్యే. రేపొచ్చి చూడు.”

ఆమె జట్కా కొయ్య పట్టుకుని కొంతదూరం నడిచి, తర్వాత వదిలేసి ఇసకలో నిలబడిపోయింది. వెనక నుంచి ఇంకెవరో ఏదో కేకేశారు. ఎండ మండిపోతోంది, ఇంకా రెండు పాలేలు తిరగాలి. రేపు గేటు దగ్గర మాట్లాడుకుందాంలే అని చెయ్యి ఊపాను. నిజం చెప్పాలంటే ఆ క్షణం నాకు గర్వంగా ఉంది. నేను చెప్పింది మళ్ళీ చెప్పమని ఒక మనిషి అడిగి ఎన్నేళ్ళయిందో.

ఎందుకు అడుగుతున్నావు అవ్వా అని నేను అడగలేదు. పదేళ్ళు చేసిన ఉద్యోగంలో నా పెద్ద తప్పు అదే.

పని ఏమిటంటే

మొన్న గూడూరు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. టూరింగ్ సినిమా డేరాలో ఆడవాళ్ళ గేటు దగ్గర పనికి కుదిరిందట. “అక్కా, నువ్వు కుస్తీ కంపెనీలో చేసినావంట గదా, ఏం చెయ్యాల, ఎట్టా చెయ్యాల” అని అడిగింది. కూర్చోబెట్టి చెప్పడం మొదలుపెడితే సాయంత్రమైంది. ఇంకా సగం మిగిలిపోయింది. అందుకని రాస్తున్నాను. నేను చదివింది అయిదో తరగతే, తప్పులుంటే సర్దుకోండి. ఇరవయ్యేడేళ్ళకే రిటైరయ్యానంటే మా ఇంట్లోవాళ్ళే నవ్వుతారు. నా కాళ్ళని అడిగితే వాళ్ళు నవ్వరు.

మా నాన్న ఆ కంపెనీకి డేరా గుడ్డ కుట్టేవాడు. నా గొంతు చిన్నప్పటి నుంచీ పెద్దది. పదిహేడేళ్ళప్పుడు కంపెనీ ఓనరు ఖాదర్ సాయిబు గారు నా చేతికి రేకు గొట్టం ఇచ్చి జట్కా ఎక్కించారు. పొద్దున ఊళ్ళు తిరిగి ఆట సంగతి అరవడం, సాయంత్రం ఆడవాళ్ళ గేటు దగ్గర టికెట్లు చింపడం, ఆట అయ్యాక బెంచీల కింద చూసి మరిచిపోయిన చెప్పులూ సంచులూ తీసిపెట్టడం. ఇంతే పని. కొన్నాళ్ళకు మైకు సెట్టు అద్దెకు తెచ్చారు కానీ, బ్యాటరీ అల్లూరులో నింపితే రెండో పాలెం దాటకముందే అయిపోయేది. మళ్ళీ రేకు గొట్టమే.

గొట్టంలో అరిచేటప్పుడు గొంతుతో అరవకూడదు, పొట్టలోంచి అరవాలి. ఎదురుగాలికి అరవకూడదు, సముద్రం వైపు వీపు పెట్టాలి. ఇది నేర్చుకోడానికి నాకు ఒక వేసవంతా పట్టింది, ఆ వేసవంతా మిరియాల పాలు తాగాను.

జనం ఎందుకు తగ్గారు

నేను చేరిన కొత్తలో, అంటే యాభైల చివర్లో, డేరా నిండేది. చిల్లకూరులో ఒకసారి డేరా అంచులు ఎత్తి కట్టాల్సి వచ్చింది, బయట నిలబడ్డవాళ్ళు కూడా చూడాలని. పెంచలయ్య ఎదుటివాడిని ఎత్తి భుజాల మీద తిప్పుతుంటే ఆడవాళ్ళ వైపు నుంచి ఈలలు వినిపించేవి. ఎవరు వేశారో చెప్పమంటే ఎవరూ చెప్పేవాళ్ళు కాదు.

తర్వాత్తర్వాత బెంచీలు ఖాళీ అవుతూ వచ్చాయి. అల్లూరుకి సినిమా డేరా వచ్చింది కదా, అందుకే అని సాయిబు గారు అనేవారు. నేనూ కొన్నాళ్ళు అదే నమ్మాను. కానీ గేటు దగ్గర నిలబడేదాన్ని నేను. జనం ఏమనుకుంటున్నారో గేటు దగ్గర తెలిసినట్టు లోపల కూర్చున్నవాళ్ళకి తెలియదు. ఒకరోజు కూరగాయలమ్మే ఆమె నా ముందే నిలబడి, లోపలికి పోతున్న తన చెల్లెలితో అంది:

“పొయ్యి ఏం జూస్తావుమే. మొదటి పట్టులో పెంచలయ్య పడతాడు, రెండోది గెలుస్తాడు, మూడోది ఇద్దురూ కింద పడి బెల్లు కొడతారు. మా ఇంట్లో మొగుడూ పెళ్ళాలం కొట్టుకున్నా ఇంతకంటే బాగుంటాది, ఎవురు గెలుస్తారో తెలవదు.”

చెల్లెలు నవ్వింది. నేనూ నవ్వాను. చెల్లెలు టికెట్టు కొనలేదు.

ఆమె చెప్పింది నిజం. మా కుస్తీలు ముందే మాట్లాడుకున్న కుస్తీలు. పొద్దున వేపచెట్టు కింద కూర్చుని ఎవరు ఎప్పుడు పడాలో అనుకునేవాళ్ళు. అందులో మోసమేముంది, నాటకంలో రాజు నిజంగా రాజా అని సాయిబు గారు వాదించేవారు. అదీ కొంత నిజమే. పడ్డం కూడా విద్యే. పెంచలయ్య నలభై దాటాక కూడా నడుం నేలకి తగలకుండా చప్పుడు మాత్రం అయ్యేట్టు పడేవాడు. ఆట అయ్యాక నేను వేడినీళ్ళు తీసుకుపోతే, “రొంత మెల్లిగా పెట్టు పాపా, ఈ నడుం నాది గాదు, కంపెనీది” అనేవాడు. కానీ నాటకానికి వచ్చినవాడు నాటకమని తెలిసి వస్తాడు. మేం గొట్టంలో నాటకం అని చెప్పలేదు.

జనాన్ని మళ్ళీ రప్పించడానికి సాయిబు గారు చెయ్యని పని లేదు. మొహానికి నల్లగుడ్డ కట్టిన పైల్వాన్ని తెచ్చారు. రెండోరోజుకే అది మా వంటమనిషని అందరికీ తెలిసిపోయింది, చేతి మీద నూనె కాలిన మచ్చ దాచలేకపోయాడు. బ్యాండు పెట్టారు. బెంచీలకు ఆకుపచ్చ రంగు వేయిస్తే ఆరక, ఒక పెళ్ళివారి చీరలకు అంటుకుని పెద్ద రభస అయింది.

పనికొచ్చినవి చిన్నవి. అవి కూడా రాస్తాను, ఆ గూడూరు అమ్మాయికి అవసరం. మా ఆట మొదట్లో రాత్రి తొమ్మిదికి ఉండేది. పాలెంవాళ్ళు కోడికూతకు ముందే తెప్పలు దించాలి, వాళ్ళెలా వస్తారు? ఆట నాలుగింటికి పెట్టి దీపాలవేళకి ముగిద్దామని నేనే అన్నాను. వారంపాటు నన్ను తిట్టి, తర్వాత ఒప్పుకున్నారు. రెండోది, పాలెం ఆడవాళ్ళు అల్లూరులో చేపలమ్ముకుని ఖాళీ గంపలతో వస్తారు. ఆ వాసనకి పక్కవాళ్ళు ముక్కు మూసుకుంటే వాళ్ళకి చిన్నతనం, మళ్ళీ రారు. గంపలు పెట్టుకోడానికి గాలి పోయేవైపు చాప పరిచాం. కుండలో నీళ్ళు పెట్టాం. ఈ మూడింటితో వచ్చినంత జనం నల్లగుడ్డతో రాలేదు. కానీ డేరా నిండేంత జనం మాత్రం ఇక రాలేదు. పదిమంది వస్తే వాళ్ళని చూసి ఇంకో పదిమంది రావాలంటే నిదానం కావాలి. మా కంపెనీకి నిదానంగా ఉండే ఓపిక అయిపోయింది.

ఖాదర్ సాయిబు గారు

ఆయన్ని గురించి చెడ్డగా రాస్తానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. వయసులో ఉన్నప్పుడు నిజం కుస్తీలు పట్టిన మనిషి. రెండు చెవులూ నలిగి ముద్దలయిపోయి ఉండేవి. పైల్వాన్లు తిన్నాకే తను తినేవారు. డేరా పక్క గుడిసెలో నా చోటికి ఎవరూ రాకుండా తన మంచం అడ్డం వేసుకునేవారు. ఆడపిల్లను ఊళ్ళు తిప్పుతున్నాడని ఎవరైనా అంటే, “నా బిడ్డ గొంతు అమ్ముకుంటా ఉండా, బిడ్డను గాదు” అని కొట్టడానికి పోయేవారు.

ఆయన తప్పల్లా ఒకటే. ఎదుటి మనిషికి ఆశ పుట్టించడమే పని అనుకున్నారు. పుట్టిన ఆశ ఆట అయ్యాక ఏమవుతుందో చూసేవారు కాదు.

పోలయ్య పేరు ఎక్కడిది

ఆ పేరు నేనే తెచ్చాను. ఇది ఎవరి మీదకీ తోయడానికి లేదు.

అంతకు నెలరోజుల ముందు చివరిపాలెం చేదబావి దగ్గర నీళ్ళు తాగడానికి ఆగాను. అక్కడి ఆడవాళ్ళు ఎప్పట్లాగే ఎకసెక్కాలు మొదలుపెట్టారు. ఒకామె అంది, “మీ పెంచలయ్య మా పోలయ్య ముందర ఏ మూలకీ రాడు. తడిసిన తెప్పను నలుగురు లాగలేకపోతే పోలయ్య ఒక్కడే ఒడ్డెక్కించినాడు, మేమంతా చూసినాం.” ఇంకొకామె అవునంది. మూడో ఆమె మాత్రం చేద వదిలేసి బావిలోకి చూస్తూ నిలబడింది. నేను గలగలా నవ్వి, అయితే మీ పోలయ్యను పంపండి చూద్దాం అని జట్కా ఎక్కాను.

ఆ సాయంత్రం డేరాలో జనం మరీ తక్కువ. సాయిబు గారు తల పట్టుకుని కూర్చున్నారు. నేను ఊరికే ఉండలేను కదా. “సాయిబన్నా, మనోళ్ళు మనోళ్ళు కొట్టుకుంటే ఎవురు జూస్తారు? చివరిపాలెంలో పోలయ్యని ఒకడున్నాడంట, తెప్పను ఒక్కడే లాగినాడంట. అట్టాంటోణ్ణి దింపితే ఈ ఒడ్డు ఒడ్డంతా వస్తాది” అన్నాను.

ఆయన తలెత్తారు. “ఏం పేరన్నావు?”

నేను అన్నది ఆ మనిషిని పిలుద్దామని. ఆయన తీసుకున్నది పేరును మాత్రమే. మూడువారాలకు చిల్లకూరు రైసుమిల్లులో బస్తాలు మోసే రవణయ్య అనే కుర్రాణ్ణి తెచ్చారు. ఒళ్ళంతా నూనె రాసి, పాలెంవాళ్ళలా తలగుడ్డ కట్టించి, “ఈయనే చివరిపాలెం పోలయ్య” అన్నారు.

“చివరిపాలెం వాళ్ళు గుర్తుపట్టరా?” అని అడిగాను.

“వాళ్ళు ఎప్పుడొచ్చినార్లే మన ఆటకి. ఊళ్ళో పైల్వాను పేరు చెబితే మిగతా ఊళ్ళోళ్ళు వస్తారు. వాళ్ళొచ్చినా పౌరుషానికి వస్తారు, వచ్చి నవ్వుకుంటారు. నువ్వు గొట్టం తియ్యి.”

తీశాను. అబద్ధమని తెలుసు. పదేళ్ళలో ఎన్నో అరిచాను, ఇదీ ఒకటి అనుకున్నాను.

గేటు దగ్గర

మర్నాడు మిట్టమధ్యాహ్నం, ఇంకా గేటు తాడు కూడా కట్టకముందే, ఆ ముసలామె వచ్చింది. జట్కా వెంట నడిచినామె. చేతిలో గుడ్డ కట్టిన సత్తుగిన్నె ఉంది. చివరిపాలెం నుంచి అల్లూరు దాకా ఆ ఎండలో నడిచి వచ్చింది.

“అమ్మీ, పోలయ్య యాడున్నాడు? ఆటకి ముందర ఇది తినిపియ్యాల. నెత్తళ్ళ పులుసు. వాడికి ఇది ఉంటే ఇంకేం అక్కర్లేదు.”

“నువ్వు ఎవురు, అవ్వా?” అన్నాను. అడుగుతుండగానే నాకు తెలిసిపోయింది.

“కావమ్మని. వాళ్ళమ్మని.” గేటు పక్కన ఇసకలో కూలబడి, గిన్నె ఒళ్ళో పెట్టుకుని చెప్పింది. రెండేళ్ళ కిందట పోలయ్య పులికాటు అవతల పడవల మీద కూలికి పోయాడు. గాలివాన వచ్చింది. కూడా పోయినవాళ్ళు తిరిగొచ్చారు, పోలయ్య రాలేదు. మనిషీ దొరకలేదు, శవమూ దొరకలేదు. “గడ్డిబొమ్మ చేసి దినాలు చేద్దాం కావమ్మా అని మా పాలెం పెద్దకాపు యాడాది నుంచీ అంటానే ఉండాడు. నేనే వద్దొద్దు అంటా వస్తి. కడాకి సరేనంటి. సోమవారం అనుకున్నారు. నిన్న నువ్వు జెప్పినావు గదా. సందకాడే పొయ్యి జెప్పినా, ఆపండి, మావాడు అల్లూరులో కుస్తీ పడతా ఉండాడు అని.”

గిన్నె చేతిలోకి తీసుకుని, “ఆట అయినాక ఇద్దువులే అవ్వా” అన్నాను. ఇది రెండో తప్పు. మొదటిది తెలియక చేశాను. ఇది తెలిసే చేశాను.

సాయిబు గారి దగ్గరికి పరిగెత్తాను. అంతా చెప్పాను.

“ఇప్పుడు ఆపితే జనం డేరా పీకేస్తారు చెంచూ.”

“జనం యాడున్నారు?”

“బయట జూడు.”

చూశాను. చివరిపాలెం చివరిపాలెమే నడిచి వస్తోంది. ఆడవాళ్ళు, మొగవాళ్ళు, చంకలో పిల్లలు. వాళ్ళ వెనక, వాళ్ళని చూసి బయల్దేరిన పక్క పాలేల వాళ్ళు. వాళ్ళ వెనక అల్లూరు. నేను చేరిన కొత్తలో కూడా అంతమందిని చూడలేదు. టికెట్లు చింపి చింపి నా వేళ్ళు నొప్పి పుట్టాయి. డేరా అంచులు ఎత్తి కట్టారు. సాయిబు గారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను మాత్రం ఒక్కొక్క మొహమే చూస్తున్నాను. పాలెంవాళ్ళు ఎవరూ నవ్వడం లేదు, వేరుశనక్కాయలు కొనడం లేదు. వాళ్ళు కుస్తీ చూడ్డానికి వచ్చిన జనం కాదు. ఒక మనిషి బతికున్నాడో లేదో చూడ్డానికి వచ్చారు.

కావమ్మను ముందు బెంచీలో కూర్చోబెట్టాను.

రవణయ్య తలగుడ్డతో గోదాలోకి దిగాడు. అల్లూరు వాళ్ళు కేకలు వేశారు. పాలెం వైపు నుంచి చప్పుడు లేదు. వాడు తలగుడ్డ విప్పి, దణ్ణం పెడుతూ చుట్టూ తిరిగాడు. పాలెంలో ఒకాయన మెల్లిగా, “మనోడు గాదురా” అన్నాడు. ఆ మాట బెంచీల మీదుగా వెనక దాకా పోయింది. తర్వాత ఒక్కొక్కరే లేచారు. ఎవరూ గొడవ చెయ్యలేదు, బెంచీ తన్నలేదు. గంపలు తీసుకుని వెళ్ళిపోయారు. వాళ్ళ పెద్దకాపు మాత్రం సాయిబు గారి ముందు ఆగాడు.

“ఆట ఆడుకోండి. మా మనుషుల పేర్లతో ఆడబాకండి.”

ఖాళీ అయిన బెంచీల్లోకి వెనక నిలబడ్డవాళ్ళు ఎగబడి కూర్చున్నారు. కుస్తీ సాగింది. అల్లూరు జనం ఒకటే ఈలలు. మాట్లాడుకున్న ప్రకారం మూడో పట్టులో పెంచలయ్య పడ్డాడు. లేచేటప్పుడు గోదా అంచున ఉన్న నన్ను చూసి, “పదేళ్ళుగా పడతా లేస్తా ఉండా పాపా. ఈ రోజు పడ్డానికి సిగ్గేసింది” అన్నాడు.

కావమ్మ కదల్లేదు. ఆట అయిపోయి అందరూ వెళ్ళాక కూడా ముందు బెంచీలోనే ఉంది. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

“అవ్వా, తప్పయిపోయింది. అంతా అబద్ధం. మేం పోలయ్యను చూళ్ళేదు.”

“వీడు మావాడు గాదులే, అది నాకు తెలవదా” అంది. “మావాడు యాడో ఉండాడు. పేరు వీడికి ఇచ్చి పంపినాడు. ఎందుకో రాలేకపోయుంటాడు.”

“లేదవ్వా.”

“తెప్ప సంగతి నీకెట్టా తెలుసు మరి? వాడే జెప్పుండాల గదా.”

“మీ బావికాడ ఆడవాళ్ళు జెప్పినారు.”

ఆమె నా మొహంలోకి చూసి నవ్వింది. చిన్నపిల్లను చూసి నవ్వినట్టు. “నిన్న గొట్టంలో అంత గెట్టిగా జెప్పినావు, ఊరూరూ జెప్పినావు. ఇప్పుడు నా చెవిలో గుసగుసగా లేదంటా ఉండావు. మీ సాయిబు జెప్పొద్దన్నాడా? ఏం కష్టంలో ఉండాడు వాడు? నాకు జెప్పుమే, నేనెవురికీ చెప్పను.”

ఎంత చెప్పినా అంతే. లేచి, నా తల నిమిరి, సోమవారం పని ఇక చెయ్యనివ్వనని చెప్పి వెళ్ళిపోయింది. పొద్దుగుంకే వేళ ఆ దారిలో ఒక్కతే నడిచి పోయింది. పాలెంలో కూడా అప్పటికే రెండు మాటలయ్యాయని పెద్దకాపు వెంట వచ్చిన ఒకామె పోయేటప్పుడే గేటు దగ్గర చెప్పింది. బతికున్నవాడికి గడ్డిబొమ్మ కాలిస్తే పాపమని సగంమంది, చచ్చినవాణ్ణి దారి చూపకుండా నిలబెడితే పాపమని సగంమంది. పక్క పాలెం నుంచి ఎవరో వచ్చి, మేం కూడా విన్నాం పోలయ్య వచ్చాడట అన్నారట. వాళ్ళు విన్నది నా గొట్టంలోనే. నా మాటే తిరిగి తిరిగి ఆమెకి సాక్ష్యమై పోతోంది.

భోజనాల దగ్గర సాయిబు గారు చాలా రోజుల తర్వాత రెండోసారి అన్నం పెట్టించుకున్నారు. “కృష్ణపట్నం దాకా పోలయ్య పేరే నడుపుదాం. ఒక్క చివరిపాలెం పోతే పోయింది” అన్నారు.

“సాయిబన్నా, ఆ తల్లి...”

“తెలుసు.” ఆయన కంచంలోకే చూస్తున్నారు. “ఈడ పదకొండు మంది తింటా ఉండారు చెంచూ. పెంచలయ్య ఇంక మూట గూడా మొయ్యలేడు. నువ్వు జెప్పు, నేనేం జెయ్యాల.”

ఆ నెల తిరక్కుండా డేరా విప్పేశారు. పెంచలయ్య మా నాన్న దగ్గర కూర్చుని గుడ్డకి తాళ్ళు ఎక్కించడం నేర్చుకున్నాడు. సాయిబు గారు నాతో మాట్లాడ్డం మానలేదు. అదే నాకు ఎక్కువ కష్టంగా ఉండేది.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకి నేను చెప్పేది ఇంతే. జనాన్ని తేవడం కష్టం, నిజమే. ఖాళీ బెంచీల ముందు నిలబడితే ఏ అబద్ధమైనా చిన్నదిగానే కనిపిస్తుంది. కానీ అది లోపలికి వచ్చిన మనిషితో పాటు ఇంటికి పోతుంది. మీరు గేటు మూసేశాక కూడా అక్కడ ఉంటుంది. ఎవరైనా ఇంకోసారి చెప్పమంటే, ఎందుకని అడగండి. జట్కా ఆపించి మరీ అడగండి.

మరుసటి పొద్దున

తెల్లవారుతూనే సత్తుగిన్నె బూడిద పెట్టి తోమాను. పులుసు ఎవరూ ముట్టలేదు, డేరా వెనక గొయ్యి తీసి పోశాను. గొట్టం తీసుకుని జట్కా తోలే మస్తానయ్య దగ్గరికి వెళ్ళాను.

“ఈ రోజు కృష్ణపట్నం గదా, నువ్వు గిన్నెత్తుకోని యాడికి?” అన్నాడు.

“మొన్న తిరిగిన దారే, మస్తానన్నా. అన్ని పాలేలూ.”

“సాయిబు జెప్పినాడా?”

“చెప్పలేదు.”

మస్తానయ్య కళ్ళెం తీసుకున్నాడు. మేం కదులుతుంటే సాయిబు గారు గుడిసె గుమ్మంలో వేపపుల్లతో నిలబడి ఉన్నారు. ఆపలేదు, పొమ్మనీ అనలేదు.

మొదట చివరిపాలేనికే పోయాం. సముద్రం వైపు వీపు పెట్టి, గొట్టం ఎత్తాను. గొంతు పొట్టలోంచి తీశాను.

“నేను కుస్తీ కంపెనీ చెంచమ్మని. మొన్న ఈ గొట్టంలో నేను జెప్పింది అబద్ధం. పోలయ్య మా కాడికి రాలేదు. పోలయ్యను మేం ఎప్పుడూ చూళ్ళేదు. నిన్న డేరాలో దిగినోడు చిల్లకూరు రవణయ్య. పోలయ్య పేరూ, తెప్ప సంగతీ ఈ బావికాడ విని మా సాయిబుకి జెప్పింది నేనే.”

ఎండుచేపలు పరుస్తున్నవాళ్ళు ఆగారు. ఎవరో తిట్టారు. నా మీదకి గుప్పెడు ఇసక వచ్చి పడింది. జట్కా దిగకుండా అక్కడే ఉన్నాను. కావమ్మ గుడిసెలోంచి వచ్చింది. నేను చాపిన గిన్నె తీసుకుని, మూత తీసి లోపల చూసి, చంకలో పెట్టుకుంది. రెండో చేత్తో జట్కా కొయ్య పట్టుకుంది.

“ఇంకోసారి జెప్పు, అమ్మీ.”

గొట్టం ఎత్తి ఇంకోసారి చెప్పాను.